నామ్‌దఫా: ఎక్కడ బస, ఎన్ని రోజులు, ఎంత బరువు

పులిని చూడాలన్న కోరికతో నామ్‌దఫాకు టికెట్లు తీయకండి. మహారాష్ట్రలోని తాడోబాకు వెళ్తే డబ్బూ కలిసొస్తుంది, కాళ్లూ బతికిపోతాయి. అరుణాచల్ తూర్పు కొసన, మయన్మార్ సరిహద్దును ఆనుకుని 1,985 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. 1983లో జాతీయ పార్కయింది. నది ఒడ్డున రెండొందల మీటర్ల ఎత్తులో మొదలై 4,571 మీటర్ల దఫాబుమ్ శిఖరం దాకా లేస్తుంది. జీపు సఫారీలు లేవు, నడవాల్సిందే. పొద్దున్నే హూలాక్ గిబ్బన్ల (తోకలేని వానరాల) కేకలు, నెత్తిన హార్న్‌బిల్ రెక్కల చప్పుడు, వీటి కోసమైతే ఇంతదూరం రావచ్చు.

దారి ముందు చూసుకుందాం. విమానమైతే కోల్‌కతా లేదా గువాహటి మీదుగా డిబ్రూగఢ్. రైలైతే కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, రాజమండ్రి, విశాఖల్లో ఆగుతుంది, న్యూ తిన్‌సుకియాలో దిగాలి. రెండు రోజులకు పైనే పడుతుంది, పైగా ఆలస్యాలకు పెట్టింది పేరు, కాబట్టి దిగిన రోజే ముందుకు కదిలేలా ఏదీ బుక్ చేయకండి. అక్కడి నుంచి డిగ్‌బోయ్, మార్ఘెరిటా, లేడో, జాగున్ మీదుగా పార్కుకు ముందుండే ఊరు మియావ్. డబ్బు తిన్‌సుకియాలోనే తీసుకుని దగ్గర పెట్టుకోండి. అడవిలో గైడుకీ కూలీలకీ ఫోన్‌పే చేస్తానంటే కుదరదు, సిగ్నలే ఉండదు.

అనుమతులు రెండు, చాలామంది ఒకటే అనుకుంటారు. రాష్ట్రంలోకి రావడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, అది ఆన్‌లైన్‌లో వస్తుంది. అందులో వెళ్లే చోటు అన్న గడిలో చాంగ్లాంగ్ జిల్లా అని ఉందో లేదో చూసుకుని మూడు ప్రింట్లు తీసుకోండి. పార్కులోకి వెళ్లే అనుమతి వేరు, అది మియావ్‌లోని ఫీల్డ్ డైరెక్టర్ ఆఫీసు ఇస్తుంది. శనివారం సాయంత్రం మియావ్ చేరితే సోమవారం దాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. సోమ, మంగళవారాల్లో చేరేలా చూసుకోండి. అమెరికా పాస్‌పోర్టున్న మనవాళ్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ చెల్లదు. ఓసీఐ కార్డున్నా సరే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి, అది గుర్తింపున్న టూర్ ఆపరేటర్ ద్వారా తెచ్చుకోవాలి. ఇంకో మాట: అమెరికాలో ట్రెక్కింగులకు వాడే శాటిలైట్ మెసెంజర్‌ను (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాన్ని) బ్యాగులో వేసుకుని రాకండి. మన దేశంలో అనుమతి లేకుండా అది దగ్గరుంటే కేసవుతుంది.

బస విషయానికొస్తే, మియావ్‌లో ఉండి రోజూ అడవికి వెళ్లొద్దామన్న ఆలోచన దండగ. పార్కు లోపలి బస దేబన్ పాతిక కిలోమీటర్లే అయినా కొండచరియలు జారే రోడ్డు. ఒకవైపే గంటన్నర, వానొస్తే ఎంతో చెప్పలేం. డిబ్రూగఢ్‌లో మాట్లాడుకున్న కారు మియావ్ దాకానే, ఆ పైన బొలెరో మాట్లాడుకోవాలి. నోవా దిహింగ్ నది ఎత్తైన గట్టు మీద ఉండే దేబన్ ఫారెస్ట్ గెస్ట్ హౌస్‌దే ఇక్కడ మొదటి మార్కు. గదులు సాదాసీదా, కరెంటును నమ్ముకోకూడదు, వేడినీళ్లు అడిగితే బకెట్లో తెస్తారు. భోజనమంటే అన్నం, పప్పు, ఆలూ కూర. కందిపొడి, ఊరగాయ వెంట ఉంటే రెండో రోజు నుంచి వాటి విలువ తెలుస్తుంది. పెద్దవాళ్లుంటే దేబన్‌లోనే మూడు రాత్రులు ఉండి, ఒకరోజు పడవలో నది దాటి హాల్దీబారి క్యాంపు దాకా నడిచి రావడం మంచి పథకం. దారి ఐదు కిలోమీటర్ల లోపే, కానీ తడిసిన వేర్ల మీద ఎక్కుడు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆ లెక్కన పెందలాడే బయల్దేరాలి.

హాల్దీబారి దాటి హార్న్‌బిల్, బుల్‌బులియా క్యాంపుల దాకా వెళ్లాలంటే టెంట్లే గతి. అక్కడే చాలా బృందాల లెక్క తప్పుతుంది. తిండి తమకు మాత్రమే కొంటారు. నలుగురు వెళ్తే గైడు, వంటమనిషి, నలుగురు కూలీలు కలిపి పది నోళ్లు. మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం చొప్పున ఐదు రోజులకు 20 కిలోలు. 80 గ్రాముల చొప్పున పప్పు 4 కిలోలు. ఆలూ, ఉల్లి పది కిలోలు. నూనె, ఉప్పు, చక్కెర, టీపొడి కలిస్తే 40 కిలోలకు దగ్గరవుతుంది. మనిషి ఆ దారిలో మోయగలిగేది 20 కిలోలు. అంటే ఇద్దరు కూలీలు ఒట్టి తిండికే, మిగతా ఇద్దరు టెంట్లకూ వంటసామానుకూ. మీ బ్యాగు మీరే మోయాలి, లేదా ఇంకో ఇద్దరిని పెట్టుకోవాలి. రెండోదే నయం. కూలి రోజుకా, ట్రిప్పుకా, వంటమనిషికి ఎంత, తిరుగు రోజు కలుస్తుందా అన్నది మియావ్‌లోనే తేల్చుకోండి. సరుకులూ అక్కడే కొనండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే సరైన కాలం. అప్పుడు కూడా నీడపట్టున జలగలుంటాయి. పట్టుకున్నదాన్ని లాగకండి, ఉప్పు చల్లకండి, అగ్గిపుల్ల పెట్టకండి. అలా చేస్తే అది లోపలిది గాయంలోకే కక్కుతుంది. సన్నగా ఉండే కొస, అంటే నోరున్న వైపు, గోరును చర్మానికి ఆనించి పక్కకు తోస్తే విడిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం దాని లాలాజలంలో ఉంది కాబట్టి కాసేపు కారుతుంది, గుడ్డతో అదిమి పట్టుకుంటే సరి. జలగకన్నా డిమ్‌డామ్ ఈగ నయవంచకి. ఆవగింజంత నల్లటి ఈగ, పగలే కుడుతుంది, కుట్టిన చోట ఎర్రటి చుక్క మిగిలి రోజుల తరబడి దురద. నిండు చేతుల చొక్కా తప్ప గట్టి మందు లేదు. మలేరియా ఉన్న ప్రాంతం, బయల్దేరే ముందే డాక్టరును అడిగి మాత్రల సంగతి తేల్చుకోండి. ఖరీదైన తోలు బూట్లు ఒకసారి వాగులో మునిగితే ట్రిప్పు అయ్యేదాకా ఆరవు. తిన్‌సుకియా బజారులో దొరికే రబ్బరు అడుగు గుడ్డ బూట్లే మేలు, జలగలు ఎక్కకుండా వేసుకునే మేజోళ్లు వాటి లోపల.

పైన వాన పడితే నది పొంగి పడవ ఆగిపోతుంది, అవతలి గట్టున ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోవాలి. అందుకే తిండిలో ఒక రోజు, సెలవులో రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. దేబన్‌లో పొద్దున లేచి అదే రోజు డిబ్రూగఢ్ ఫ్లైటు అందుకోవాలనుకోకండి. ముందురోజు రాత్రికే తిన్‌సుకియాలో ఉండండి.