వీడియో ఆగి ఆగి వస్తోందా: 5 గిగాహెర్ట్జ్ వైఫైనా, లాన్ కేబులా?

టీవీకి పెట్టిన స్ట్రీమింగ్ స్టిక్‌లోనో, బాక్స్‌లోనో వీడియో ఆగి ఆగి వస్తుంటే, ముందు ఒక్క విషయం చూసుకోండి. తెర మీద చక్రం తిరుగుతూ బొమ్మ ఆగిపోతోందంటే అది చాలావరకు నెట్‌వర్క్ గొడవే. అలా కాకుండా, కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ సన్నగా కుదుపుతోందంటే వైఫై మార్చినా, రౌటర్ నుంచి లాన్ కేబుల్ వేసినా ఫలితం ఉండదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే తెర మీద చూపించేటప్పుడు ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు కనిపిస్తుంది. కుదుపు అక్కడిది. డివైస్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్ మ్యాచింగ్ (తెర వేగాన్ని వీడియో ఫ్రేములకి సరిపెట్టేది) ఉంటే ఆన్ చేయండి.

నెట్‌వర్కే అని తేలితే, ఖర్చు లేని దారి 5 గిగాహెర్ట్జ్ వైఫై. వైఫై రెండో బ్యాండ్ అయిన 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ తోసుకుంటూ ఉంటాయి. 5లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కానీ గోడలంటే దానికి పడదు. రౌటర్ అదే గదిలో ఉంటే భేష్, రెండు గోడల అవతలుంటే 2.4యే నయం అనిపించవచ్చు. స్టిక్ టీవీ వెనక నక్కి ఉంటే సిగ్నల్ ఇంకా తగ్గుతుంది. చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్‌తో కాస్త బయటకి లాగండి.

కేబుల్‌కి ఈ తంటాలేవీ లేవు. దాని బలం వేగం కాదు, నిలకడ. చాలా డివైసుల్లో లాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. ఓటీటీలో 4కె వీడియోకి సాధారణంగా 25 ఎంబీపీఎస్ చాలు కాబట్టి బెంగ లేదు. ఇంట్లో సర్వర్ పెట్టుకుని బ్లూ-రే నాణ్యత 4కె ఫైళ్లు చూసేవాళ్లకే చిక్కు: బిట్‌రేట్ (సెకనుకు వీడియోకి కావాల్సిన డేటా) 100 ఎంబీపీఎస్ దాటిన చోట కేబుల్ మీదా బొమ్మ ఆగుతుంది. వాళ్లకి దగ్గర్లో ఉన్న 5 గిగాహెర్ట్జే మేలు. మిగతావాళ్లకి, తీగ లాగే వీలుంటే, నా ఓటు కేబుల్‌కే.