ఆరేళ్లుగా ఒకే కొలతతో కూరపొడి: ఏది నిలిచింది, ఏది పాడైంది

మా విజయనగరంలో దొండకాయ, బెండకాయ వేపుళ్లకి, గుత్తివంకాయకి వాడుతున్న పొడి ఇది. ధనియాలు 100 గ్రాములు, శనగపప్పు 50, మినప్పప్పు 50, ఎండుమిర్చి 40, జీలకర్ర 15, ఉప్పు 25, మెంతులు అర చెంచా. మిర్చిలో సగం గుంటూరుది, సగం బ్యాడిగి. మొదటిది ఘాటుకి, రెండోది రంగుకి.

అన్నీ కలిపి ఒకేసారి మూకుట్లో పోయకండి. శనగపప్పు లోపలిదాకా వేగడానికి సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, జీలకర్రకి అర నిమిషం చాలు. పప్పు గింజ ఒకటి కొరికి చూడండి. కరకరమని విరగాలి. పంటికి అంటుకుంటే ఇంకా పచ్చిదే, అలాగే కొడితే కూర పిండిపిండిగా అయిపోతుంది. మెంతులు మాత్రం ఎర్రబడి వాసన రాగానే దించెయ్యాలి. నల్లబడ్డాయా, ఆ అర చెంచాతోనే పొడంతా చేదెక్కిపోతుంది. బెల్లం వేసినా ఆ చేదు పోదు.

దించినవి వెడల్పాటి పళ్లెంలో పూర్తిగా చల్లారాలి. వేడి మీద కొడితే మిక్సీ జార్ మూతకి ఆవిరి పట్టి, ఆ చెమ్మ పొడిలోకే దిగుతుంది. ముందు పప్పులు, మిర్చి, తర్వాత ధనియాలు, జీలకర్ర, మెంతులు, చివర్లో ఉప్పు. మిక్సీ ఆపి ఆపి తిప్పి, రవ్వ కంటే కాస్త మెత్తగా ఉండగానే ఆపాలి. మరీ మెత్తనైతే వేపుడు ముక్కకి పట్టకుండా అడుగున చేరి మాడుతుంది.

ఇక నువ్వులు. మన వైపు నువ్వులు లేని కూరపొడి చప్పగా అనిపిస్తుంది, నిజమే. కానీ వాటిని, ఎండుకొబ్బరిని కలిపేసిన డబ్బా మూడు వారాలకే కనరు వాసన కొట్టింది, వాటిలో నూనె ఎక్కువ కాబట్టి. అవి లేని పొడి గాజు సీసాలో మూడు నెలలు బాగుంటోంది. అందుకే ఇప్పుడు నువ్వులు వేయించి వేరే సీసాలో ఉంచి, వండే రోజు రెండు చెంచాలు దంచి కలుపుతున్నాను. ఆ తాజా కమ్మదనం నిల్వ పొడిలో ఎప్పుడూ రాలేదు.

వానాకాలంలో మాత్రం సగం కొలతే కొట్టుకోవాలి. ఉప్పు చెమ్మ లాగి పొడి గడ్డకడుతుంది, తడి చెంచా పెడితే బూజు కూడా పడుతుంది.

అరకిలో దొండకాయలకి మూడు చెంచాలు, ముక్క పూర్తిగా వేగాకే. చల్లి, రెండు నిమిషాలు కలిపి దించెయ్యాలి.