పండుగ కార్డులకు డిస్ట్రెస్ ఆక్సైడ్ సిరాలు, తెల్లని ఎంబాసింగ్ పొడి

రేంజర్ సంస్థ క్రాఫ్ట్ డిజైనర్ టిమ్ హోల్ట్జ్ పేరుతో అమ్మే డిస్ట్రెస్ ఆక్సైడ్ ఇంకుప్యాడ్లు 2017లో మార్కెట్లోకి వచ్చాయి. సంక్రాంతి, ఉగాది కార్డులను చేత్తో తయారుచేసేందుకు నేను వాటితో పాటు తెల్లని ఎంబాసింగ్ పొడిని, అంటే వేడికి కరిగి ఉబ్బెత్తు గీతగా గట్టిపడే పొడిని, వాడుతున్నాను. రంగులను ఒకదానిలో ఒకటి కలిపే పనికి, ముఖ్యంగా కొత్తగా నేర్చుకునేవారికి, ఇంత అనువైన సిరా నాకు మరొకటి కనిపించలేదు.

ఈ సిరాలో డై, పిగ్మెంట్ రెండూ ఉంటాయి. డై కాగితంలోకి ఇంకుతుంది, పిగ్మెంట్ పైన పలుచని పొరగా నిలుస్తుంది. సిరా నెమ్మదిగా ఆరుతుంది కనుక బ్రష్షును గుండ్రంగా తిప్పుతూ ఒక రంగు అంచును పక్క రంగులో కలిపేయడానికి తగిన వ్యవధి దొరుకుతుంది. మస్టర్డ్ సీడ్ పసుపుతో మొదలుపెట్టి, స్పైస్డ్ మార్మలేడ్ నారింజ మీదుగా, వోర్న్ లిప్‌స్టిక్ గులాబీ వరకు వెళితే భోగినాటి తెల్లవారుజాము ఆకాశం కాగితం మీద నిలుస్తుంది. లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత వేయాలి. బ్రష్షును కాగితం అంచుకు బయట మొదలుపెట్టి లోపలికి తీసుకురావాలి. నేరుగా నడిమధ్య ఆనిస్తే పడిన మచ్చ ఎంత రుద్దినా పోదు.

అయితే అసలు అందం ఎంబాసింగ్‌తోనే వస్తుంది. రంగులు వేయకముందే, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) గల మందపాటి కాగితంపై ఎంబాసింగ్ పెన్నుతో (నెమ్మదిగా ఆరే సిరా ఉన్న పెన్ను) చుక్కల ముగ్గు గీసి, ఆ గీత తడిగా ఉండగానే పొడి చల్లి, మిగిలినదాన్ని డబ్బాలోకి దులిపి, బాగా వేడి గాలిని ఊదే హీట్ గన్‌తో కరిగించాలి. హెయిర్ డ్రయ్యర్ దీనికి పనికిరాదు, ఎందుకంటే దాని వేడి చాలదు, పైగా గాలి పొడిని ఎగరగొడుతుంది. కరిగి గట్టిపడిన గీత సిరాను పీల్చుకోదు కనుక, పైనుంచి రంగులు వేసి టిష్యూతో తుడవగానే ముగ్గు తెల్లగా తేలుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం నాకు కొత్తగానే ఉంటుంది.

కోస్తా ఊళ్లలో ఉండేవారు తేమ విషయంలో జాగ్రత్తపడాలి. తేమ పట్టిన కాగితానికి పొడి అక్కరలేని చోట కూడా అంటుకుంటుంది. పెన్ను పెట్టకముందే యాంటీ స్టాటిక్ పౌడర్ సంచిని కాగితమంతటా అద్దితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఈ సిరా నీటికి స్పందిస్తుంది కాబట్టి చెమట చేయి తగిలినా మచ్చ పడుతుంది. అదే గుణాన్ని కావాలని వాడుకుని నాలుగు నీటిబొట్లు చిలకరిస్తే మాత్రం లేత మబ్బుల వంటి మరకలు ఏర్పడతాయి.

క్రాఫ్ట్ దుకాణాల్లోని స్టాంపుల్లో అధికభాగం ఇంగ్లిష్ మాటలవే. ఆఫీసు ముద్రలు చేసే దుకాణంలో ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అని మామూలు రబ్బరు స్టాంపు చేయించుకుంటే సరిపోతుంది. తనలోనే సిరా ఉండే రకం వద్దని ముందే చెప్పాలి. ఆ స్టాంపుకు వెర్సామార్క్ వంటి జిగట సిరా పూసి అద్దితే అక్షరాలను కూడా ఎంబాస్ చేయవచ్చు.

దిగుమతి సరుకు కనుక ధర ఎక్కువే. అందువల్ల పెద్ద సెట్టుకు పోకుండా పైన చెప్పిన మూడు రంగులు, ఒక తెల్ల పొడి డబ్బా, ఒక్కో రంగుకు ఒక బ్రష్షు కొనుక్కోవాలని నా సలహా. ప్యాడ్ ఎండిపోతే కొత్తది కొననవసరం లేదు. అదే రంగు రీఇంకర్ (ప్యాడ్‌లో మళ్లీ నింపే సిరా) సీసా నుంచి చుక్కలు వేసి ప్యాడ్ అంతటా పరిస్తే మళ్లీ పనికొస్తుంది.