మూడున్నర మార్కుల మీద నాకున్న గురి

టోక్యోలో తిండి వెతుక్కోవడానికి తబెలోగ్ అనే రెస్టారెంట్ రివ్యూల యాప్ వాడటం మొదలుపెట్టి ఏడేళ్ళు దాటింది. ఫోటోలు, మ్యాపు, బుకింగ్ బటన్ అన్ని యాపుల్లోనూ ఉండేవే, వాటి జోలికి పోను. నాకు దీని మీద ప్రేమ పుట్టించింది ఒక్కటే, దీని పిసినారితనం. ఐదుకి మార్కులు వేయమంటే దీనికి చేతులు రావు. పేరు మోసిన చోటుకి 3.6. ఎప్పుడు చూసినా గుమ్మం ముందు క్యూ ఉండే చోటుకి 3.3. జనం వారానికి రెండుసార్లు తినే చెయిన్ షాపుకి 3 మీద చిల్లర. నాలుగు దాటిందంటే అక్కడ టేబుల్ దొరకడం మన తరం కాదని అర్థం. మా హైస్కూల్లో లెక్కల మాస్టారు ఒకాయన ఇలాగే దిద్దేవారు. ఆయన పదికి ఆరు వేస్తే ఇంట్లో పండగ.

మేము ఇక్కడికి రాకముందు ఐదేళ్ళు మిలాన్‌లో ఉన్నాం. దాంతో నాలుక పాడైపోయింది, అంటే బాగుపడింది. పాస్తా పంటికి తగలాలి, పిజ్జా అంచు పొంగి అక్కడక్కడా మాడాలి, సలాడ్‌లో చక్కెర ఉండకూడదు. టోక్యోకి వచ్చిన కొత్తలో ఈ మూడు కోరికలతో అందరూ వాడే ఒక మ్యాప్ యాప్‌లో చుక్కలు చూసుకుంటూ తిరిగాం. ఎక్కడ చూసినా 4.5, 4.6. ఒక చోట టేబుల్ మీద చిన్న కార్డు పెట్టారు: ఐదు చుక్కలు ఇచ్చి స్క్రీన్ చూపిస్తే డ్రింక్ ఫ్రీ. మా ఆవిడ డ్రింక్ తాగింది, నేను గుడ్డుతో చేసే కార్బొనారా పాస్తా తిన్నాను. అందులో గుడ్డు కోసం వెతికాను, అంతా క్రీమే. ఆ మర్నాడు ఆఫీసులో ఈ గోడు వెళ్ళబోసుకుంటే, పక్క సీటాయన తన ఫోన్ తీసి తబెలోగ్ చూపించాడు. "3.5 దాటితే కళ్ళు మూసుకుని వెళ్ళండి. మా మామగారి పుట్టినరోజుకి కూడా నేను ఇదే చూస్తాను" అన్నాడు.

ఇది 2005లో మొదలైంది. మార్కు అంటే వచ్చిన చుక్కలన్నీ కలిపి భాగిస్తే వచ్చే సగటు కాదు. ఎక్కువ చోట్ల తిని, ఎక్కువ రాసినవాళ్ళ మాటకి బరువెక్కువ. కొత్తగా ఖాతా తెరిచి బావమరిది షాపుకి ఐదు చుక్కలు పెట్టినా ముల్లు పెద్దగా కదలదు. మార్కుల్ని నెలకి రెండుసార్లు మళ్ళీ లెక్కేస్తారు, కానీ ఎలాగన్నది పూర్తిగా బయటపెట్టరు. 2019లో ఆ లెక్క మార్చినప్పుడు కొరియన్ బార్బెక్యూ చెయిన్ ఒకటి తన షాపుల మార్కులన్నీ పడిపోయాయని కోర్టుకెక్కింది. 2022లో టోక్యో జిల్లా కోర్టు 3.84 కోట్ల యెన్ల పరిహారం ఇమ్మంది. 2024 జనవరిలో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఒక దశాంశం కోసం ఇన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారంటే, ఆ దశాంశానికి ఇక్కడ ఎంత విలువుందో చూడండి.

నాకు మాత్రం మొదటి ఏడాదంతా ఆ దశాంశం అన్నం పెట్టింది. మా రైల్వే లైన్ మీదే 3.54 ఉన్న ఒక చిన్న ఇటాలియన్ చోటు దొరికింది. ఎనిమిది కుర్చీలు, ఒక్కడే వంటాయన, లంచ్ సెట్ 1500 యెన్. అక్కడ తిన్న చీజ్ మిరియాల పాస్తా రుచి మిలాన్‌లో కూడా దొరకలేదు (అది రోమ్ వంటకం కదా అని మా ఆవిడ గుర్తు చేసింది). ఆ తర్వాత 3.5 కంటే తక్కువ కనిపిస్తే నేను వేలు పెట్టడమే మానేశాను. గురి అలా కుదిరింది.

ఇక అసలు కథ. జూన్ నెల, వానాకాలం. మా ఆవిడ పుట్టినరోజు. బహుమతులేమీ వద్దు, మంచి పాస్తా చాలు అంది. మా ఎనిమిది కుర్చీల చోటు ఆ రోజు సెలవు. సరే కొత్తది చూద్దామని కూర్చుంటే 'యోషోకు' అని రాసిన ఒక చోటు కనిపించింది. అప్పటికి నా జపనీస్ ఎంత బాగుందంటే, 'యో' అంటే పాశ్చాత్యం, 'షోకు' అంటే తిండి అని విడివిడిగా తెలుసు. కాబట్టి యోషోకు అంటే పాశ్చాత్య భోజనం. మెనూలో స్పగెట్టి ఉంది. మార్కు 3.58. తబెలోగ్ వాళ్ళు ఏటా వేసే 'వంద మేటి షాపులు' జాబితా బ్యాడ్జి కూడా ఉంది. ఇంకేం కావాలి?

బుకింగ్ తీసుకోరట. గొడుగులు పట్టుకుని 50 నిమిషాలు నిలబడ్డాం. ముందున్నవాళ్ళంతా నడివయసు దాటినవాళ్ళే. దాన్ని నేను మంచి శకునం అనుకున్నాను. లోపల ముదురు చెక్క కుర్చీలు, తెల్లటి గుడ్డ పరిచిన టేబుళ్ళు, పేపర్ న్యాప్కిన్‌లో చుట్టిన ఫోర్కు. టేబుల్ మీద టబాస్కో కారం సాస్ సీసా, పక్కన పొడి చీజ్ డబ్బా. టబాస్కోని చూసినప్పుడే నా గుండె ఓ పిసరు జారింది. బయటికి చెప్పలేదు.

స్పగెట్టి వచ్చింది. స్టీలు ప్లేటులో, ఎర్రగా, నిగనిగలాడుతూ. ఏటవాలుగా కోసిన సాసేజ్ ముక్కలు, పచ్చ క్యాప్సికం చక్రాలు, ఉల్లిపాయ, పుట్టగొడుగులు. ఫోర్కుకి చుడితే మెత్తగా, మొండికేయకుండా చుట్టుకుంది. పంటికి తగిలే ప్రసక్తే లేదు. వాసన కెచప్‌ది. రుచి కూడా కెచప్‌దే, కాకపోతే పెనం మీద బాగా వేయించడం వల్ల తియ్యగా, కాస్త మాడిన కెచప్.

మా ఆవిడ ఒక ముద్ద తిని, ఫోర్కు నెమ్మదిగా కింద పెట్టింది. "ఏమండీ, మిలాన్‌లో మన ఓనరమ్మ గనక దీన్ని చూస్తే పోలీసులకి ఫోన్ చేస్తుంది" అంది.

నవ్వుతోందా కోపంలో ఉందా నాకు వెంటనే తెలియలేదు. పుట్టినరోజు కదా, టెన్షన్. నేను చెప్పుకున్న హంబాగు వచ్చింది. బన్ను లేదు, మాంసం కట్‌లెట్ లాంటిది, మీద చాక్లెట్ రంగు డెమిగ్లాస్ సాస్. మారుమాట్లాడకుండా ప్లేట్లు మార్చుకున్నాం. హంబాగు ఆవిడకి నచ్చింది. మరీ మరీ నచ్చింది. ఎర్ర స్పగెట్టి నా వంతయింది.

పక్క టేబుల్ దగ్గర సూటు వేసుకున్న పెద్దాయన ఒక్కడే కూర్చున్నాడు, డెబ్బై ఉంటాయేమో. ఆయనా అదే చెప్పుకున్నాడు. చీజ్ డబ్బా తీసి ప్లేటు తెల్లబడేదాకా చల్లుకుని, పది చుక్కల టబాస్కో వేసుకుని, పేపర్ న్యాప్కిన్ మెడలో దోపుకుని తినడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు. ప్లేటు ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన ఎర్రటి నూనెని చూస్తూ కాసేపు అలాగే కూర్చున్నాడు. ఆయన వేసే మార్కూ నేను వేసే మార్కూ ఒకటి కావని అప్పుడు తట్టింది.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది. యోషోకు అంటే పాశ్చాత్య తిండి కాదు. మెయిజీ కాలం (1868-1912) నుంచి జపాన్ వాళ్ళు తమ అన్నానికీ తమ నోటికీ తగ్గట్టు మార్చుకున్న తిండి. టోక్యోలోని గింజాలో 1895 నుంచి నడుస్తున్న రెంగాతె లాంటి చోట్లు దాని పుట్టిళ్ళు. నేను తిన్నదాన్ని నపోరితాన్ అంటారు. నేపుల్స్ పేరే గానీ నేపుల్స్‌తో చుట్టరికం లేదు. యుద్ధం తర్వాత యోకొహామాలో హోటల్ న్యూ గ్రాండ్‌ని అమెరికా సైన్యం తీసుకుంది. సైనికులు స్పగెట్టిలో కెచప్ కలుపుకుని తినడం చూసి అక్కడి షెఫ్ ఇరియె షిగెతాదా తనదైన పద్ధతిలో దాన్ని మెరుగుపరిచాడని చెప్తారు. ఆయన టమాటాలే వాడాడట, కెచప్ తర్వాత బయట కాఫీ షాపుల్లో చేరింది. నూడుల్స్ ముందే ఉడకబెట్టి పక్కన పెట్టి, తర్వాత పెనం మీద వేయించడం దాని పద్ధతి. అంటే మెత్తగా ఉండటం వంటాయన తప్పు కాదు, అతని పనితనం. 3.58 న్యాయమైన మార్కే. ప్రశ్నపత్రమే నేను వేరేది పట్టుకెళ్ళాను.

అప్పటి నుంచి వాడకం మారింది. వెతికేటప్పుడు యోషోకు పక్కన పెట్టి ఇటాలియన్, బిస్ట్రో, పిజ్జా అని విడివిడిగా చూస్తాను. అంతకంటే ముఖ్యంగా, మార్కు చూశాక తిట్లు చదువుతాను. నేను పట్టుకున్న కిటుకు ఇదొక్కటే. ఎవరైనా 'పాస్తా గట్టిగా ఉంది' అని విసుక్కుంటే, లేదా 'ఉప్పెక్కువ' అని ఫిర్యాదు చేస్తే, వెంటనే బుక్ చేస్తాను. జపనీస్‌లో గట్టికి కతాయి, ఉప్పనకి షొప్పాయి. ఈ రెండు మాటలు గుర్తుపట్టగలిగితే చాలు, మిగతాది ఫోన్ అనువాదం చూసుకుంటుంది. ఒక రివ్యూ రాసేవాడున్నాడు, ఇటాలియన్ చోట్లు వందల్లో తిరిగాడు, ఉప్పు విషయంలో అతనికీ నాకూ అస్సలు పడదు. అతను 3.0 వేసిన చోట్లకి వెళ్ళి నేను సంతోషంగా తినొస్తున్నాను. అతనికి ఎప్పటికైనా ఒక పూట భోజనం పెట్టించాలి.

పైన అంత పొగిడాను గానీ కొన్ని సంగతులు చెప్పాలి. 3.7 దాటినవి నాకు పెద్దగా పనికిరాలేదు. రెండు నెలల ముందు ఫోన్ చేయాలి, అదీ జపనీస్‌లో. లంచ్‌కీ డిన్నర్‌కీ జనం వేరువేరుగా మార్కులు వేస్తారు, పైన కనిపించేది ఒక్క అంకె. మధ్యాహ్నం 1500 యెన్‌కి దేవుడిలా కనిపించిన వంటాయన రాత్రి 9000 యెన్‌కి మామూలు మనిషి అయిపోవచ్చు. చాలా చోట్ల రాత్రిపూట కూర్చున్నందుకే మనిషికి మూడు నాలుగొందలు టేబుల్ ఛార్జ్ పడుతుంది, బిల్లు వచ్చాక ఉలిక్కిపడకండి. మేమిద్దరం అన్నీ తింటాం. మాంసం తిననివాళ్ళకి ఈ మార్కులు దారి చూపించవు, సూప్‌లోనూ కూరగాయల పాస్తాలోనూ బేకన్ ఎక్కడ నక్కి ఉంటుందో చెప్పలేం, వెళ్ళి అడగాల్సిందే. ఇద్దరే ఉండి, ఓపికుండి, లంచ్ టైమ్‌లో ఆఫీసు నుంచి బయటపడగలిగేవాళ్ళకైతే దీన్ని మించింది నాకు తెలియదు. పాప పుట్టేదాకా నేనూ అలాంటివాణ్ణే.

ఇప్పుడు మా పాపకి నాలుగేళ్ళు. ఎనిమిది కుర్చీల చోట్లలో చాలావాటి పేజీల్లో పిల్లల దగ్గర అడ్డగీత ఉంటుంది. మా 3.54 ఆయన వద్దనలేదు గానీ, పాప కౌంటర్ మీద ఫోర్కుతో తాళం వేస్తుంటే ఆయన మొహం చూసి మేమే తగ్గాం. కాబట్టి ఈ మధ్య ఆదివారాలు సైజెరియా అనే చవక ఇటాలియన్ చెయిన్‌కి వెళ్తున్నాం. మా వీధి చివరి బ్రాంచి మార్కు 3 మీద కొంచెం. అక్కడ అందరూ తినేది 'మిలాన్ తరహా డోరియా', 300 యెన్. అన్నం మీద వైట్ సాస్, మీట్ సాస్ వేసి ఓవెన్‌లో పెట్టి తీస్తారు. మిలాన్‌లో ఐదేళ్ళలో దాని పేరు కూడా వినలేదు, వినే అవకాశమూ లేదు. డోరియా అనేది మళ్ళీ ఆ హోటల్ న్యూ గ్రాండ్‌లోనే పుట్టింది, 1927లో వచ్చిన స్విస్ షెఫ్ సాలీ వైల్ ఒంట్లో బాగాలేని అతిథి కోసం చేశాడంటారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆవిడ ఆ పేరు చదివి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇప్పుడు వెళ్ళగానే తనే ఆలివ్ ఆయిల్ తెచ్చుకుని డోరియా మీద పోసుకుంటుంది. పాప పిల్లల మెనూ తెరుస్తుంది. అందులో రెండు బొమ్మలుంటాయి, పది తేడాలు కనిపెట్టాలి. పిల్లల కోసం అంటారు గానీ పెద్దవాళ్ళకి కూడా తెగదు. పోయిన ఆదివారం తొమ్మిది దొరికాయి. పదోదాని కోసం ముగ్గురం ఆ బొమ్మ మీదికి వంగి కూర్చుంటే డోరియా చల్లారిపోయింది.