కీబోర్డు, మౌసు: వైరుదా, వైర్‌లెస్ కాంబోనా?

కడపలో కోటిరెడ్డి సర్కిల్‌కు దగ్గర్లో నాదొక చిన్న షాపు. టైపింగు, ప్రింటింగు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఇవే పని. ప్రింటు చేతిలోకి తీసుకుని డబ్బులిస్తూ చాలామంది అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఇంట్లోకి కీబోర్డు, మౌసు కావాల. వైర్‌లెస్ కాంబో తీసుకోమంటావా, మామూలుదే తీసుకోమంటావా?" కాలేజీలు తెరిచే రోజుల్లో అయితే రోజుకొకరన్నా అడుగుతారు. పోయిన నెల నేను కూడా షాపుకు కొత్తవి కొన్నాను కాబట్టి, నాకు తెలిసింది ఇక్కడ రాసి పెడుతున్నా. ఇకమీదట అడిగినవాళ్లకు ఇదే చూపిస్తా.

ధరల సంగతి చెప్పేస్తాను. లాజిటెక్, డెల్, హెచ్‌పీ, జెబ్రానిక్స్ లాంటి పేరున్నవే చూసుకున్నా, మా ఊళ్లో వైరున్న జత 600 నుంచి 1,000 రూపాయల్లో వస్తుంది. వైర్‌లెస్ జత 1,000 దాటి 1,700 దాకా. విడివిడిగా కొంటే వైరు మౌసు 250 నుంచి 400, కీబోర్డు 400 నుంచి 700. వైరు జతకూ వైర్‌లెస్ జతకూ తేడా నాలుగు నుంచి ఏడు వందలే కాబట్టి ఎవరికైనా మనసు వైర్‌లెస్ వైపే లాగుతుంది. అందులో తప్పేం లేదు. టేబులు నీట్‌గా ఉంటుంది. టీ గ్లాసుకు వైరు తగిలి కాగితాల మీద ఒలికే బాధ ఉండదు. టీవీకి కంప్యూటరు తగిలించుకుని మంచం మీద నుంచి వాడుకునేవాళ్లకు వైరుది ఎట్లాగూ పనికిరాదు.

నేనూ రెండేళ్లు వైర్‌లెస్సే వాడాను. ఒకరోజు కంప్యూటరు మొరాయిస్తే సీపీయూను రిపేరుకు పంపించాను. వెనక పోర్టులో రిసీవరు, అంటే కీబోర్డు, మౌసు రెంటి సిగ్నలూ అందుకునే చిన్న ముక్క, ఉన్న సంగతి నాకు గుర్తు లేదు. అక్కడివాళ్లు తీసి ఎక్కడ పెట్టారో, ఊడి ఎక్కడ పడిందో తెలీదు. సీపీయూ బాగై వచ్చింది, రిసీవరు రాలేదు. పోయి అడిగితే "మా కాడ ఏం లేదన్నా" అన్నారు. వేలిగోరంత ముక్క, ఎవరినని అంటాం? కీబోర్డు లక్షణంగా ఉంది, మౌసు లక్షణంగా ఉంది, కొత్త సెల్లులు వేసి వారం కూడా కాలేదు. రెండూ ఒక్క దెబ్బకు పనికిరాకుండా పోయాయి.

అదే మోడల్ రిసీవరు ఇంకొకటి తెచ్చి పెడితే సరిపోతుంది కదా అని అప్పుడు నేనూ అనుకున్నా. చవక జతల్లో మామూలుగా అట్లా కుదరదు. ఫ్యాక్టరీలో ఆ రిసీవరును ఆ జతకే కలిపి పంపిస్తారు, పక్క డబ్బాలోది దీన్ని గుర్తుపట్టదు. లాజిటెక్‌లో నారింజ రంగు చిన్న గుర్తుండే యూనిఫైయింగ్ రిసీవర్లు వేరే. వాటికైతే కొత్త రిసీవరు కొని సాఫ్ట్‌వేర్‌తో కలుపుకోవచ్చు, ఒక్కదానికి ఆరు పరికరాల దాకా పడతాయి. మన బడ్జెట్టులో వచ్చే కాంబోల మీద ఆ గుర్తు కనబడడం కష్టం.

అందుకే వైరా, వైర్‌లెస్సా అన్నదాని కన్నా నాకు ముఖ్యం ఇంకొకటి: ఒకటి చెడిపోతే దాంతోపాటు ఇంకేం పోతుంది? చవక వస్తువు ఎప్పుడో ఒకప్పుడు చెడిపోయేదే. అందులోనూ ముందు పోయేది మౌసు. నా షాపులో ఒక కీబోర్డు పనిచేసినంత కాలంలో మూడు మౌసులు మారాయి. వైరువైతే 300 పెట్టి కొత్త మౌసు తగిలిస్తే అయిపోయింది. వైర్‌లెస్ జతలో మౌసు పోతే కొత్త మౌసు, దానికో కొత్త రిసీవరు, ఇంకో పోర్టు. రిసీవరే పోతే రెండూ పోయినట్టే.

సెల్లుల బాధ చిన్నదే కానీ అది ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఒక పిల్లోడి పరీక్ష ఫీజు కడుతున్నా, ఆఖరు రోజు. ఫోనుకు ఓటీపీ వచ్చింది, కీబోర్డు ఉలకదు, పలకదు. గోడ గడియారంలో సెల్లు పీకి చూస్తే సైజు పెద్దది. ఆ అంకెలు స్క్రీను మీద కీబోర్డు తెచ్చుకుని మౌసుతో ఒక్కొక్కటే నొక్కి గట్టెక్కాం. ఇంట్లో అయితే టీవీ రిమోటు సెల్లులు సరిపోతాయి, షాపులో రిమోటు యాడ దొరుకుతాది? ఇంకొకటి, మౌసు బాణం ఉన్నట్టుండి తడబడుతుంటే రిసీవరు పక్కన నీలం రంగు పోర్టులో పెన్‌డ్రైవో, హార్డ్ డిస్కో ఉందేమో చూడండి. యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు ఈ రిసీవర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సిగ్నలు దగ్గరే రొద పుట్టిస్తాయి. రిసీవరును ముందు వైపు పోర్టులోకి మార్చితే చాలాసార్లు కుదురుకుంటుంది.

వైరువి ఏమన్నా తక్కువ తిన్నాయా అంటే అదీ లేదు. ఎలుకలు కొరుకుతాయి, నాకు ఒక కీబోర్డు అట్లాగే పోయింది. మౌసుకు వైరు కలిసే మెడ దగ్గర మడత పడీ పడీ లోపల తీగ తెగుతుంది. పట్టి వంచితే పనిచేస్తుంది, వదిలితే ఆగిపోతుంది. ఇక వైరున్నా లేకున్నా మౌసులకు ఒక జబ్బుంది: ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకోవడం. ఎడమ బటన్ కింద సన్నటి లోహపు రేకు ఉంటుంది, అది అరిగి అదురుతుంటే ఇట్లా అవుతుంది. ఫోల్డరును ఊరికే ఎంచుకుందామంటే తెరుచుకుని కూర్చుంటుంది. అప్పటికి వెంటనే కొనలేకపోతే విండోస్ సెట్టింగుల్లో కుడి బటన్‌ను ప్రధాన బటన్‌గా మార్చుకోండి. నేను అట్లా పది రోజులు నెట్టుకొచ్చాను. షాపుకొచ్చినవాళ్లు మౌసు పట్టుకుంటే మాత్రం తికమక పడేవాళ్లు.

మౌసుల గురించి మా ఊరికే చెల్లే సంగతి ఒకటి చెప్పాలి. ఇక్కడ కౌంటర్లన్నీ కడప బండలే. పాలిష్ పట్టిన నల్ల బండ అద్దంలా మెరుస్తుంది, దాని మీద చవక మౌసు బాణం ఒకచోట నిలవదు. మౌసు తన కింద ఉన్న నేలను క్షణానికి వేల ఫోటోలు తీసుకుని ఎటు కదిలానో లెక్కేసుకుంటుంది. నున్నటి నలుపులో దానికి గుర్తుపట్టే గీతే దొరకదు. పాలిష్ లేని బండ అయితే గీతలు కనబడతాయి కానీ మౌసు కింది పాదాలు అరిగిపోతాయి. మౌసు చెడిపోయిందని తెచ్చినవాళ్లకు నేను ముందు ఒక పాత పెళ్లి కార్డు ఇచ్చి దాని మీద పెట్టి చూడమంటాను. సగం మందికి కొత్తది కొనే పని తప్పింది.

కీబోర్డులో చూడాల్సినవి రెండు. అంకెల కీలు కుడివైపు విడిగా ఉండాలి. ట్యాలీ, ఎక్సెల్‌లో లెక్కలు చేసేవాళ్లకు అవి లేని కీబోర్డు ఉచితంగా ఇచ్చినా వద్దు. రెండోది స్పేస్ బార్. కొట్లో డబ్బా తెరిపించి బార్ నడిమధ్యలో కాదు, రెండు కొసల్లో బొటనవేలితో నొక్కి చూడండి. దాని కింద అడ్డంగా ఒక ఇనుప తీగ ఉంటుంది. అది సరిగా కూర్చోకపోతే కొసలో నొక్కినప్పుడు పట్టేసి పైకి రాదు. మధ్యలో నొక్కితే ఏ కీబోర్డైనా బాగానే ఉంటుంది.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే మన భాషలకు ప్రభుత్వం పెట్టిన కీల అమరికలో, కొట్టేవాళ్లు చిన్న సైజు కీబోర్డుల జోలికి పోవద్దు. 'చ' సెమికోలన్ కీ మీద, 'ట' దాని పక్కన కొటేషన్ కీ మీద, 'డ' బ్రాకెట్ కీ మీద ఉంటాయి. మూడూ కుడి చిటికెన వేలి పనే. కీబోర్డును కురచ చేసేటప్పుడు కంపెనీలు ముందు చేయిపెట్టేది ఆ మూలలోనే. ఇంగ్లీషులో ఆ కీలు అరుదుగా వాడతారు కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు. మనకు 'చెట్టు' అని కొట్టాలంటేనే ఆ చిటికెన వేలు మూడుసార్లు అటు పోవాలి. ఒత్తులకు వాడే పొల్లు డి కీ మీద ఉంటుంది, ముద్ర చెరిగిపోయేది మొదట అదే. చూడకుండా కొట్టేవాళ్లకు చెరిగినా దిగులు లేదు. మిగతావాళ్లు కీ మీద గోరుతో తడిమి చూసుకోండి, అక్షరం పైన అతికించినట్టు తగిలితే అది ఎక్కువ రోజులు ఉండదు.

మిగతా రకాల గురించి రెండు ముక్కలు. మెకానికల్ కీబోర్డు, అంటే ఒక్కో కీ కింద విడిగా స్విచ్ ఉండేది, టీవీఎస్ గోల్డ్ లాంటిది, గట్టిది. పుస్తకాలు, కార్డులు కంపోజ్ చేస్తూ రోజంతా టైపు చేసే డీటీపీ వాళ్లకు దాని ధర గిట్టుబాటే. ఇంట్లో వాడకానికి అంత పెట్టక్కర్లేదు, పైగా రాత్రి పూట ఆ టకటకకు పిల్లలు లేస్తారు. బ్లూటూత్‌వి ట్యాబుకో ఫోనుకో అయితే సరే. రంగు లైట్ల గేమింగ్ కీబోర్డుల్లో చవకగా వచ్చేవాటికి లైట్లే ఉంటాయి.

నేను కొన్నది: వైరు కీబోర్డు ఒకటి, వైరు మౌసు ఒకటి, వేరు వేరు కంపెనీలవి, రెండూ కలిపి 850. లాప్‌టాప్ వాడే మా అక్క కూతురికి మాత్రం వైర్‌లెస్ మౌసు ఒక్కటే కొనిపించాను. లాప్‌టాప్‌కు కీబోర్డు ఎట్లాగూ ఉంది, రిసీవరు పోయినా పోయేది ఒక్క మౌసే. రిసీవరు పెట్టుకోవడానికి మౌసు అడుగున గూడు ఉందో లేదో చూసి మరీ తీసుకోమన్నా. కాలేజీ బ్యాగులో వేసుకుని తిరిగే పిల్ల కదా.

రిసీవరు పోయిన ఆ పాత జతను పారేయబుద్ధి కాక ఇంటికి తీసుకుపోయాను. రెండో క్లాసు చదివే మావాడు దాన్ని మంచం మీద పెట్టుకుని సాయంత్రం పూట నాలాగే షాపు నడుపుతున్నాడు. వాళ్లమ్మకు నిన్న ఆదాయం సర్టిఫికెట్ ఇచ్చాడు, నలభై రూపాయలు తీసుకుని.