హేవ్‌లాక్‌లో స్కూబా: ఏ పడవ ఎక్కాలి, ఏది ఎక్కకూడదు

అండమాన్ నుంచి వచ్చామంటే చాలు, అందరూ అడిగేది ఒకటే: స్కూబాకి ఎంతయింది? ఎంతయిందో చెప్తాను గానీ, అంతకంటే ముందు ఏ పడవ ఎక్కుతున్నారో చూసుకోండి. గాలి సిలిండరు కట్టించి సముద్రం అడుగుకి తీసుకెళ్ళే డైవ్ సెంటర్లు రెండింటితో మేము వెళ్ళాం. మొదటివాళ్ళ మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ముందు వాళ్ళ సంగతి.

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూశాం, ప్రైవేటు ఫెర్రీకి తలకి ₹1,700 ఇచ్చి హేవ్‌లాక్ చేరాం, అంతా సాఫీగా జరిగింది. 2018లో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అనీ పేర్లు మార్చారు. మాకు మాత్రం ఎక్కడ విన్నా పాత పేర్లే వినిపించాయి.

వెళ్ళింది నేను, మా ఆవిడ, మా బావమరిది. మా ఆవిడ నీళ్ళలోకి దిగదు. నాకు స్కూబా శిక్షణలో అడ్వాన్స్‌డ్ కార్డుంది, 30 మీటర్ల దాకా పోవచ్చు. బావమరిదికి ఓపెన్ వాటర్ కార్డు ఈమధ్యే వచ్చింది, దానికి 18 మీటర్లే హద్దు. డైవ్ సెంటర్ వాళ్ళు తీసుకెళ్తామన్న చోటు డిక్సన్స్ పినకిల్. నడిసముద్రంలో నీటి అడుగునుంచి లేచిన రాతి శిఖరాలవి. వాటి నెత్తిభాగమే దాదాపు 18 మీటర్ల లోతులో ఉంటుంది. "వీడిది 18 మీటర్ల కార్డు" అని నేనే చెప్పాను. "పర్లేదు సార్, పైపైనే తిప్పుతాం" అన్నారు. కార్డు చూడను కూడా చూడలేదు. రెండు డైవ్‌లకి తలకి ₹6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇద్దరికీ కలిపి ₹14,160 కట్టించుకున్నారు. ఫోటోలకని ఇంకో ₹1,000.

పొద్దున పడవలో ఆరుగురు డైవర్లకి నీటిలో దారి చూపించే డైవ్‌మాస్టర్ ఒక్కడు. పడవ నడిపే పెద్దాయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల కుటుంబం వాడు. తెలుగువాళ్ళమని తెలిశాక మెల్లిగా నా పక్కకొచ్చి, "నిన్నే గదా బాబూ పున్నమి, నీరు జోరుగా ఉంటాది" అన్నాడు. అదే మాట నేను డైవ్‌మాస్టర్ని హిందీలో అడిగితే "కరెంట్ (నీటి లాగుడు) ఏమీ లేదు, అద్దంలా ఉంది చూడండి" అన్నాడు. పైన అద్దంలాగే ఉంది మరి.

యాంకర్ తాడు పట్టుకుని దిగుతుంటేనే కాళ్ళు పక్కకి లాగేస్తున్నాయి. వదిలిన బుడగలు నెత్తిమీదికి పోకుండా చెవి పక్కనుంచి వెనక్కి దూసుకుపోతున్నాయి. కింద రాతి మీద ఫ్యూసిలియర్ చేపల గుంపు మొత్తం ఒకే దిక్కుకి మొహంపెట్టి, తోకలాడిస్తూ ఉన్నచోటే ఉంది. చేపలు అలా బారుగా నిలబడ్డాయంటే ఆ దిక్కునుంచి నీరు గట్టిగా తోస్తోందని లెక్క. మేమందరం తాడు మీద ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాం. బావమరిది సిలిండర్లో గాలి ఎంతుందో చూపించే గేజ్ పట్టుకుని చూశాను. 200 బార్‌తో దిగినవాడికి 100 మిగిలింది, దిగి పది నిమిషాలు కూడా కాలేదు. డైవ్‌మాస్టర్ అప్పటికే తాడు వదిలేసి, వెనక ఎవరున్నారో చూడకుండా రాతి వైపు ఈదుతున్నాడు. నేను బావమరిది చెయ్యి పట్టుకుని పైకి పోదామని బొటనవేలు పైకి చూపించాను.

పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఆగాం. ఆగినంతసేపూ కొట్టుకుపోతూనే ఉన్నాం. పైకి తేలేసరికి పడవ అగ్గిపెట్టంత కనిపించింది. నీటి మీద నిలబెట్టి చూపించే నారింజ రంగు గాలిగొట్టం, ఎస్ఎంబీ అంటారు, అది మాకెవరికీ ఇవ్వలేదు. విజిల్ ఊదుకుంటూ ఉండిపోయాం. పెద్దాయనే మా బుడగల వాలు చూసి పడవ తిప్పుకొచ్చాడు. బావమరిది ఒక్క మాట మాట్లాడలేదు. ఫెర్రీలో ఊరంతా వినపడేలా మాట్లాడినవాడు.

ఒడ్డుకొచ్చి అడిగితే సెంటర్ యజమాని, "సముద్రం సార్, కరెంట్ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?" అన్నాడు. ఇందులో సగం నిజమే. అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో పోటు, పాటు రెండూ జోరుగా ఉంటాయని, అష్టమి దగ్గర తగ్గుతాయని పంచాంగం చూసి చెప్పొచ్చు. కానీ అండమాన్ సముద్రానికి పైకి కనిపించని లోపలి అలలు కూడా ఎక్కువ. కింది చల్లనీరు, పైన వెచ్చనీరు కలిసేచోట పెద్ద అలలు పుట్టి నడుస్తాయి. అందుకే పోటు పట్టిక ఒక్కటే నమ్ముకుంటే సరిపోదు. సరే, ముందు తెలియదు. మరి తెలియనప్పుడు ఒక మనిషి దిగి చూసి రావాలా, వద్దా? రెండో డైవ్ మేమే మానేశాం కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. ఫోటోల ₹1,000 మాత్రం ఇచ్చారు, ఒక్కటీ తీయలేదు గనక.

రెండో సెంటర్లో తలకి ₹7,500, జీఎస్టీతో ₹8,850. కార్డులు, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్ చూశారు, ఆరోగ్యం ఫారం నింపించారు. బావమరిదికి బీపీ ఉందా, చెవి నొప్పి వస్తుందా అని అడుగుతుంటే మా ఆవిడ మొహం కాస్త తేటపడింది. మొదటి రోజు పడవ మేం వెళ్ళాలనుకున్న చోటికి చేరాక ఇన్‌స్ట్రక్టర్ తాను దూకాడు, కాసేపట్లో ఎక్కేశాడు, "ఈ రోజు ఇక్కడ కాదు" అన్నాడు. ఇంకో జంట గొణిగింది. ఆయన పట్టించుకోలేదు. పడవని చాటున్న లోతు తక్కువ చోటికి తిప్పించాడు. బావమరిదికి మళ్ళీ ధైర్యం వచ్చింది అక్కడే. పగడాలు మాత్రం ఎక్కువ ఆశించకండి. 2010లో నీరు వేడెక్కి తెల్లబారి చచ్చినవి చాలా ఉన్నాయట, మేం చూసిన చోట విరిగిన ముక్కలే ఎక్కువ.

అష్టమి నాటికి నేనొక్కడినే జానీస్ గార్జ్ అనే లోతైన డైవ్ చోటికి వెళ్ళాను. బారకూడా చేపలు గుంపుగా నిలబడి ఉన్నాయి, ఒక్కోటి నా చెయ్యంత పొడుగు. ఆ లోతులో 20 నిమిషాలకి మించి ఉండకూడదు. ఉన్నంతసేపూ నీరు చెరువులా ఉంది. ఆ ₹8,850కి నాకు రూపాయి కూడా బాధ లేదు.

బస ఐదో నంబరు బీచ్‌లో, గుడిసె రాత్రికి ₹3,200. పాటు వేళ నీరు అంతదూరం వెనక్కి పోతుంది, ఈతకి పనికిరాదు. నెట్‌వర్క్ నమ్ముకోకుండా నోట్లు దగ్గర పెట్టుకోండి.

బుక్ చేసేముందు మూడు అడగండి: డైవ్‌మాస్టర్‌కి ఎంతమంది, ఎస్ఎంబీ ఇస్తారా, దిగకుండా వెనక్కి తిప్పితే డబ్బు సంగతేంటి. మూడోదానికి నసిగితే లేచి వచ్చేయండి. వరసగా డైవ్‌లు చేశాక 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి ఆఖరి రోజు ఖాళీగా ఉంచుకోవాలి. మేం ఆ రోజంతా రాధానగర్ బీచ్‌లో కొబ్బరిబోండాలు తాగుతూ కూర్చున్నాం. ట్రిప్ మొత్తంలో మా ఆవిడకి నచ్చింది అదొక్కటే.