వాడపల్లి మొక్కు, ఐదు ఊళ్ల బస

కోనసీమలోని వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకుంటే ఏడు వారాలూ వరసగా వెళ్లాలి. మధ్యలో ఒకటి తప్పితే మళ్లీ మొదటికే. మా ఆవిడ కిందటి ఏడాది ఈ మొక్కు మొక్కుకుంది. మేముండేదేమో హైదరాబాద్. సంగతి విని మా ఆఫీసులో మిత్రుడు "తిరుపతికి ఒక్కసారి పోయొస్తే అయిపోయేది కదనే" అన్నాడు. నిజమే. కానీ తిరుపతి దారిలో రాజోలు తగలదు.

మా ఆవిడది రాజోలు దగ్గర పల్లెటూరు, నాది ధర్మపురి. ఇద్దరిదీ గోదావరి ఒడ్డే. కాకపోతే మా దగ్గర ఎండాకాలంలో బండలు తేలి, ఇసుకలో చెలిమలు తీసుకున్న రోజులు నాకు గుర్తు. వాళ్లకేమో వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తప్ప నీటి బాధ తెలియదు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో కోనసీమకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అన్నిసార్లూ బస అత్తగారింట్లోనే. మామగారు పోయాక అత్తయ్య మా బావమరిది దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయారు, ఇల్లు అమ్మేశారు. ఇక అటు వెళ్లే పనేముంటుందిలే అనుకున్నాను. అంతలో ఈ మొక్కు వచ్చింది.

ఆగస్టు రెండో శనివారం నుంచి ఏడు వారాలు, శుక్రవారం రాత్రి రైలెక్కడం, ఆదివారం రాత్రి తిరుగు రైలెక్కడం. ఐదు ఊళ్లలో దిగాం. అల్లుడిగా కాకుండా, డబ్బులిచ్చి గది తీసుకునే మనిషిగా ఆ ఊళ్లను చూడడం నాకు అదే మొదలు.

మొదటి మూడు వారాలు రాజమండ్రి. కాగితాల మీద 2015లో రాజమహేంద్రవరం అయింది గానీ రైల్లో ఎవరిని అడిగినా రాజమండ్రే. కొవ్వూరు దాటి వంతెన మీదికి రాగానే చక్రాల చప్పుడు మారుతుంది, ఆ చప్పుడుకే స్లీపర్ బోగీలో సగం మంది లేస్తారు. మొదటి వారం ఒక పెద్దాయన పై బెర్తు నుంచి దిగి, కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి, దణ్ణం పెట్టుకుని, మళ్లీ పైకెక్కి పడుకున్నాడు. ఆయన దిగాల్సింది సామర్లకోటలోనట.

రైలు దిగేది తెల్లవారుజామున కాబట్టి రాజమండ్రిలో గదికి ముందుగా అడగాల్సింది ఏసీ ఉందా అని కాదు. అద్దె ఇరవై నాలుగు గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండు లెక్కా అని. ఇది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఫోన్‌లో ఫొటోలు చూసి బుక్ చేసుకున్న హోటల్‌కి ఐదింటికి వెళ్తే, పన్నెండుకి ముందు గది కావాలంటే ఇంకో రోజు అద్దె కట్టమన్నారు. స్నానం చేయకుండా గుడికెలా వెళ్తాం? కట్టాం. ఆదివారం రాత్రి రైలు దాకా ఉన్నందుకు మొత్తం మూడు రోజుల అద్దె పడింది, గడిపింది ఒక్క రాత్రి. రెండో వారం స్టేషన్‌కి దగ్గర్లో ఒక పాత లాడ్జి చూసుకున్నాం. లిఫ్టు లేదు, టీవీ ఉంది గానీ బొమ్మ రాదు. దుప్పట్లు మాత్రం ఉతికిన వాసన వేస్తున్నాయి. గీజరు పని చేయడం లేదని చెప్తే కుర్రాడు రెండు బకెట్ల వేడినీళ్లు మూడో అంతస్తుకి మోసుకొచ్చి, "ఆయ్, ఇంకో బకెట్టు తెమ్మంటారాండి?" అన్నాడు. మూడో వారం కూడా అక్కడే దిగాం.

రాజమండ్రి నుంచి వాడపల్లికి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా దాదాపు గంట. శనివారాలు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది, ఆటోలకూ కొదవ లేదు. రెండో శనివారం గోదారి పోటు మీద ఉంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే పది లక్షల క్యూసెక్కులు. మేము దాటేసరికి ఆ హెచ్చరిక నడుస్తోంది. 175 గేట్లూ ఎత్తేశారు. ఎర్రటి నీళ్లు, మధ్యలో కొట్టుకొస్తున్న చెట్లు. నాకు గుండె దడదడలాడింది. మా ఆటో అతను మాత్రం "ఇదేం వరదండీ బాబూ, 86లో చూడాలి" అన్నాడు. అతనికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. 1986 వరద, 1996 తుఫాను, ఈ రెండూ అక్కడ పుట్టని వాళ్లకు కూడా గుర్తుంటాయి.

వాడపల్లిలో గుడి గోదావరి పాయ గౌతమి ఒడ్డున. శనివారం ఉదయం అక్కడ జనం గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదటి వారం తొమ్మిదింటికి వెళ్లి క్యూలో మూడు గంటలు నిలబడ్డాం, చెప్పులూ పోయాయి. మూడో వారం నుంచి మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లడం మొదలుపెట్టాం, మాకు అది కలిసొచ్చింది. మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ప్రదక్షిణలు చేస్తుంటే నేను గట్టు మీద కూర్చునేవాణ్ణి. నాలుగో వారానికి కొన్ని మొహాలు గుర్తుపట్టడం మొదలైంది. "మీది ఎన్నోదండీ?" అన్నదే అక్కడ పలకరింపు. తణుకు నుంచి వచ్చే ఒకావిడది రెండో విడత ఏడు వారాలట. మొదటి మొక్కు తీరిందా అంటే "తీరిందండి, అలవాటైపోయిందండి" అంది.

తిరుగు దారిలో ఆత్రేయపురం పూతరేకులు కొనకుండా రాలేం. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక బోర్డులు బాగా పెద్దవయ్యాయి. బోర్డులు చూసి కొనకండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద అలా ఒకసారి లాగి, రేకు తీసే ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. అక్కడ అడిగితే కళ్లముందే నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి చుట్టిస్తారు. డ్రైఫ్రూట్స్ దట్టంగా కూరినవి మాకు నచ్చలేదు. నోట్లో కరగాల్సిన వస్తువుని నమలాల్సి వస్తే ఎందుకు?

సాయంత్రాలు పుష్కర ఘాట్‌లో గడిచిపోయేవి. అక్కడి నుంచి చూస్తే 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన ఖాళీగా నిలబడి కనిపిస్తుంది. మూడో ఆదివారం వాన పడుతుంటే దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లాం. 1925లో, ఇరవై ఎనిమిదో ఏట పోయిన మనిషి అన్ని బొమ్మలు ఎప్పుడు వేశాడో! గంటసేపున్నాం, మా ఇద్దరం తప్ప సందర్శకులు లేరు. బయటికొచ్చి రోజ్ మిల్క్ కొట్టు దగ్గర చూస్తే నిలబడడానికి చోటు లేదు. మేమూ రెండు గ్లాసులు తాగాం, ఏం చెప్పొద్దు.

నాలుగో వారం మార్పు కోసం కాకినాడ. నిజం చెప్పాలంటే ఏడు వారాల్లో మంచి గది దొరికింది ఇక్కడే. శుభ్రం, నిశ్శబ్దం, అడగ్గానే పలికే మనుషులు. గీత గీసినట్టుండే వీధులు. దీన్ని పెన్షనర్ల స్వర్గం అని ఎందుకంటారో ఉదయం నడకకు వెళ్తే తెలుస్తుంది. సుబ్బయ్య హోటల్ భోజనం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆకులో చోటు లేదంటే వడ్డించేవాళ్లు నొచ్చుకుంటారు, అంతే. కాకినాడ కాజా విషయంలో మాత్రం మా ఇంట్లో ఒప్పందం కుదరలేదు. నాకు పాకంతో నిండిన గొట్టం కాజా ఇష్టం, మా ఆవిడ తాపేశ్వరం మడత కాజా పక్షం.

వాడపల్లికి దూరం కాబట్టి ఆ శనివారం కారు మాట్లాడుకున్నాం, ఖర్చు బాగానే అయింది. దారిలో ద్రాక్షారామం చూసుకున్నాం. ఆదివారం చొల్లంగి వైపు వెళ్లి కోరంగి మడ అడవుల్లో చెక్క బాట మీద నడిచాం. పాటు సమయంలో వెళ్తే బురదే కనిపిస్తుంది. పోటు ఎప్పుడో ముందు కనుక్కోండి. ఇంత బాగున్నా, వచ్చే వారం కూడా ఇక్కడేనా అంటే మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఊళ్లో గోదారి కనపడదండీ" అంది. నేను అద్దె, వేడినీళ్లు, భోజనం అని మార్కులు వేసుకుంటుంటే ఆవిడ లెక్క వేరే నడుస్తోందని అప్పుడర్థమైంది.

ఐదో వారం అమలాపురం. లాడ్జి ఎలా ఉందో చెప్పలేను, గదిలో గంట కూడా లేం. గడియార స్తంభం దగ్గర మమ్మల్ని ఎవరో చూసి మా ఆవిడ పిన్నిగారికి చెప్పేశారు. ఆవిడ ఆటోలో వచ్చేసి, "లాడ్జీలో దిగారా అల్లుడుగారూ! నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అని బ్యాగు తనే పట్టుకుని మెట్లు దిగిపోయారు. కట్టిన అద్దె వెనక్కి రాలేదు. పనసపొట్టు కూర, కంద బచ్చలి, మీగడ పెరుగు. ఆ పూట లెక్క అక్కడితో సరి. అమలాపురంలో అసలు ఇబ్బంది రైలు లేకపోవడం. కోటిపల్లి–నర్సాపురం లైను గురించి నా పెళ్లప్పటి నుంచి వింటున్నాను. అది పూర్తయితే తప్ప రాజమండ్రి బస్సే గతి.

ఆరో వారం దిండి. ఇది నా కోరిక. గది ముందే గోదారి ఇంకో పాయ వశిష్ట, కొబ్బరి చెట్లు, హౌస్‌బోట్లు. అద్దె మిగతా ఊళ్ల కంటే రెండింతలు. ఫొటోలకు బాగుంటుంది, పిల్లలతో వస్తే సరదాగా గడుస్తుంది. మాకు ఒకసారి చాలనిపించింది. రాత్రి భోజనం చల్లారిపోయి వచ్చింది, ఫిర్యాదు చేస్తే వేడి చేసి ఇచ్చారు గానీ అప్పటికి ఆకలి పోయింది. ఆదివారం దారిలో ఒక హోటల్లో పులస పులుసని వడ్డించారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, ధర విని నిజంగానే మా ఆవిడ మెడ వైపు చూశాను. ఆవిడ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది విలస" అంది. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస, వరద నీటికి గోదారిలోకి ఎదురీదితేనే పులస. ఎదురీదిన చేపకూ ఈదని చేపకూ రుచిలో తేడా నాకు తెలియదు. బిల్లు మాత్రం పులసదే కట్టాం.

దిండి నుంచి రాజోలు దగ్గరే. ఆ సాయంత్రం ఆటో మాట్లాడుకుని వాళ్ల ఊరికి వెళ్లాం. ఇల్లు వీధిలోకే ఉంటుంది. అరుగు తీసేసి గ్రిల్ పెట్టారు, పెరటి పనస చెట్టు అలాగే ఉంది. దిగుదామా అన్నాను. "వద్దు, కొంచెం నెమ్మదిగా పోనివ్వమనండి" అంది. ఆటో అతను పోనిచ్చాడు. వీధి చివర ఇంకోసారి తిప్పమంటారా అని అతనే అడిగాడు. ఇంకోసారి తిప్పాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఏడో వారం నర్సాపురం. ఇది ఎవరి జాబితాలోనూ ఉండదు. హైదరాబాద్ నుంచి వచ్చే రైలుకు ఇదే ఆఖరి స్టేషన్, కాబట్టి నిద్రలో దాటిపోతామన్న టెన్షన్ లేదు. లాడ్జి మామూలే, దోమలు మాత్రం ఉదారంగా ఉన్నాయి, కాయిల్ తీసుకెళ్లండి. శనివారం వాడపల్లిలో మొక్కు పూర్తి చేసుకుని రాత్రికి తిరిగొచ్చాం. ఆదివారం పొద్దున్నే రేవుకి వెళ్లాం.

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద, అంటే బళ్లనూ ఎక్కించుకునే బల్లపరుపు పడవ మీద దాటాలి. వరదలో ఆపేస్తారు, మేము వెళ్లేసరికి మళ్లీ తిరుగుతోంది. బైకులు, ఆటోలు, ఒక కారు, కూరగాయల బుట్టలు, స్టీలు క్యారేజీతో ఒక పెళ్లివారు. కాసేపటి ప్రయాణం, టికెట్టు ఖరీదు చెప్పుకునేంత కాదు. మా ఆవిడ రెయిలింగ్ పట్టుకుని నిలబడి, చిన్నప్పుడు నర్సాపురంలో డాక్టరుకి చూపించడానికి వాళ్ల నాన్న ఇలాగే దాటించేవారని, మందు చేదు పోవడానికి రేవులో జీళ్లు కొనిపెట్టేవారని చెప్పింది. పద్దెనిమిదేళ్లలో ఈ మాట నేను వినలేదు. ఎందుకంటే ఎప్పుడూ చించినాడ వంతెన మీదుగా కారులో వచ్చేవాళ్లం.

అక్కడి నుంచి అంతర్వేది. 2020లో రథం కాలిపోయాక మళ్లీ చేయించిన కొత్త రథం చూశాం. స్వామి లక్ష్మీనరసింహుడు, మా ధర్మపురిలోనూ ఆయనే. మా ఊరి గుడి మెట్లు తాకిన నీళ్లు ఇన్ని ఆనకట్టలు దాటి, నాలుగు చుక్కలైనా మిగిలితే, వశిష్ట సముద్రంలో కలిసే ఈ చోటికి వస్తాయి. ఈ మాట పైకి అంటే "మీ నీళ్లు మీరే వాడేసుకుంటున్నారుగా, ఇక్కడిదాకా ఎక్కడొస్తాయండీ" అని నవ్వింది.

మొక్కు అయిపోయింది కదా, ఇక శుక్రవారాలు ఇంట్లోనే పడుకోవచ్చని తిరుగు రైల్లో బెర్తు పరుచుకుంటున్నాను. మా ఆవిడ ఫోన్‌లో ఏదో చూస్తోంది. అంతర్వేది కల్యాణం భీష్మ ఏకాదశి ముందురోజు రాత్రి, బుకింగ్ తెరవగానే నర్సాపురం టికెట్లు చేసేద్దామా అంది.

"గది?" అన్నాను.

"ఆ దోమల లాడ్జీయే చాలు. కాయిల్ మనమే పట్టుకెళ్దాం."